కేబుల్ పూడ్చారు సరే, ఛార్జ్ చేసే ముందు టెస్టు సంగతేంటి?

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, మెసేజులు చూస్తే ఎక్కువ భాగం భూమిలో వేసే హెచ్‌టీ (హై టెన్షన్, అంటే ఎక్కువ ఓల్టేజ్) కేబుళ్లకి ఛార్జ్ చేసే ముందు, అంటే కరెంటు ఇచ్చే ముందు, చేసే టెస్టింగ్ గురించే ఉన్నాయి. ఉండవా మరి, ఓర్వకల్లు వైపు, ఎన్‌పీ కుంట వైపు, మైలవరం వైపు సోలార్ పార్కులు వచ్చాక మన సీమలో 33 కేవీ కేబుల్ అనేది సబ్‌స్టేషన్ గేటు దాటి పొలాల గట్ల మధ్యకి వచ్చేసింది, ఇంకోపక్క తాడిపత్రి, బేతంచెర్ల, కడప చుట్టుపక్కల బండల పాలిష్ ఫ్యాక్టరీలకి 11 కేవీ కేబుల్ లాక్కోవడం మామూలైపోయింది. పని చేసేవాళ్లు పెరిగారు, టెస్టు గురించి సరిగ్గా చెప్పేవాళ్లు మాత్రం అంతగా పెరగలేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: సార్, ఓర్వకల్లు దగ్గర ఒక సోలార్ సైట్‌లో సైట్ ఇంజనీర్‌గా చేస్తున్నా. ఇన్వర్టర్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర్నుంచి పూలింగ్ సబ్‌స్టేషన్ దాకా 33 కేవీ ఎక్స్‌ఎల్‌పీఈ (ఒక రకం పాలిథిన్ ఇన్సులేషన్) కేబుల్ కిలోమీటర్ పైచిలుకు వేశాం, మధ్యలో రెండు జాయింట్లు పడ్డాయి. 5 కేవీ మెగ్గర్ (ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచే మీటర్) పెడితే మూడు ఫేజులూ గిగా ఓమ్స్‌లో చూపించాయి. కాంట్రాక్టర్ ఇంక ఛార్జ్ చేసేద్దాం అంటున్నాడు, కన్సల్టెంట్ ఏమో వీఎల్‌ఎఫ్ (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ ఏసీ) టెస్టు చేయందే సంతకం పెట్టనంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: కన్సల్టెంట్ మాట వినండి. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ గొడవ మీ సైట్ ఒక్కదాంట్లోనే కాదు, ప్రతి చోటా ఇదే.

మీ 33 కేవీ కేబుల్లో ఫేజుకీ భూమికీ మధ్య ఉండేది 19 కేవీ. అది ఆర్‌ఎంఎస్ లెక్క, పీక్ చూస్తే 27 కేవీ దాకా పోతుంది, సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది, అదీ ఇరవై ముప్పై ఏళ్లు. మెగ్గర్ ఇచ్చేది 5 కేవీ డీసీ, ఒక నిమిషం. ఖాళీ బిందెతో తాడు లాగి చూసి గట్టిగా ఉందనుకోవడం ఎట్లాంటిదో ఇదీ అట్లాంటిదే, నిండు బిందె బరువు దానికింకా తెలీదు. మెగ్గర్ పట్టేది ఏంటంటే నీళ్లు దిగిన కేబుల్, ఎక్కడో గడ్డపార తగిలి ఇన్సులేషన్ తెగిపోయింది, టెర్మినేషన్ (కేబుల్ చివర కట్టే కనెక్షన్) తడిసింది, కోర్ (లోపలి కండక్టర్) ఎర్త్‌కి తగులుతోంది, ఇట్లాంటి పెద్ద పెద్ద తప్పులు. అవి పట్టడం కూడా అవసరమే, అందుకే ముందు మెగ్గర్ చేయాలి, టెస్టు అయ్యాక మళ్లీ చేయాలి. కానీ జాయింట్ లోపల జరిగే తప్పులు దానికి కనపడవు.

జాయింట్ సంగతి చూడండి. 33 కేవీ కేబుల్లో ఇన్సులేషన్ మందం మన ఐఎస్ (భారతీయ ప్రమాణం) 7098 రెండో భాగం ప్రకారం 8.8 మిల్లీమీటర్లు, 11 కేవీ ఎర్త్‌డ్ కేబుల్‌కి 3.6. అంటే నడిచేటప్పుడు మీ కేబుల్లో మిల్లీమీటర్‌కి సగటున 2 కేవీ పైన ఒత్తిడి ఉంటుంది. ఇప్పుడు జాయింటర్ సెమికాన్ పొర (ఇన్సులేషన్ మీద ఉండే, కొంచెంగా కరెంటు పారే నల్ల పొర) తీసేటప్పుడు బ్లేడు కొంచెం లోతుగా దిగి ఇన్సులేషన్ మీద గీత పడిందనుకోండి, లేదా సెమికాన్ అంచు దగ్గర మాస్టిక్ (సందులు పూడ్చే మెత్తటి ముద్ద) సరిగ్గా నింపక గాలి ఉండిపోయిందనుకోండి. ఎక్స్‌ఎల్‌పీఈ పర్మిటివిటీ (ఛార్జ్‌ని నిలుపుకునే గుణం) 2.3 ఉంటుంది, గాలిది 1, అందుకని ఆ గాలి సందులో ఒత్తిడి చుట్టూ ఉన్న ఇన్సులేషన్ కంటే రెట్టింపు పైగా పెరుగుతుంది, గాలి మాత్రం మామూలుగా మిల్లీమీటర్‌కి 3 కేవీ దగ్గరే చేతులెత్తేస్తుంది. అంటే కేబుల్ ఛార్జ్ అయిన రోజు నుంచే ఆ సందులో చిన్న చిన్న డిశ్చార్జ్‌లు మొదలైపోతాయి, రోజూ కొంచెం కొంచెంగా తినేసుకుంటూ పోయి ఎన్ని నెలలకో ఒకరోజు ఢాం అంటుంది. ఇదంతా జరగబోతున్నా ఈరోజు మెగ్గర్‌లో గిగా ఓమ్స్ అట్లాగే వస్తాయి, గాలి కూడా మంచి ఇన్సులేటరే కదా.

వీఎల్‌ఎఫ్ అంటే 0.1 హెర్ట్జ్ ఏసీ, పది సెకన్లకి ఒక సైకిల్. ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణం) 60502 రెండో భాగంలో కొత్తగా వేసిన కేబుల్‌కి చెప్పింది ఫేజ్-ఎర్త్ ఓల్టేజ్‌కి మూడు రెట్లు, 15 నిమిషాలు. మీ కేబుల్‌కి 57 కేవీ అవుతుంది, 11 కేవీ కేబుల్ అయితే 19 కేవీ. ఆ ఒత్తిడి దగ్గర లోపల పెద్ద తప్పు ఉంటే టెస్టులోనే బయటపడే అవకాశం చాలా ఎక్కువ.

ఇంకో మాట. గిగా ఓమ్స్ వచ్చాయి అని రాశారు గానీ ఎన్ని, ఎంత పొడవుకి, ఎంత టెంపరేచర్‌లో అని రాయలేదు. ఇన్సులేషన్ రెసిస్టెన్స్ పొడవు పెరిగే కొద్దీ తగ్గుతుంది, 100 మీటర్ల ముక్కలో 10 గిగా ఓమ్స్ వస్తే అదే కేబుల్ కిలోమీటర్‌కి 1 గిగా ఓమ్ రావడం సహజం, అది తప్పు కాదు. మూడు ఫేజులూ ఒకదానికొకటి దగ్గర్లో ఉన్నాయా లేదా అన్నదే ముందు చూడాల్సింది. రెండు ఫేజులు 8, 9 గిగా ఓమ్స్ ఉండి మూడోది 1 ఉంటే, 1 గిగా ఓమ్ కూడా ఎక్కువే కదా అని ఊరుకోకండి, ఆ ఒక్క ఫేజులో ఏదో ఉంది. అయితే జాయింట్లు తవ్వే ముందు రెండు చివర్లా టెర్మినేషన్లు స్పిరిట్‌తో శుభ్రంగా తుడిచి, టెర్మినేషన్ మీద సన్న రాగి తీగ చుట్టి మెగ్గర్ గార్డ్ టెర్మినల్‌కి కలిపి మళ్లీ చూడండి. మన దగ్గర దుమ్ము ఎక్కువ, తెల్లవారుజామున మంచు పడితే ఆ దుమ్ము తడిసి పైపైనే కరెంటు లీకవుతుంది, కేబుల్లో ఏ లోపం లేకపోయినా రీడింగ్ పడిపోతుంది.

ప్రశ్న: నమస్తే అండీ, అనంతపురంలో ఎలక్ట్రికల్ కాంట్రాక్ట్ చేస్తాండాను. మా నాయన కాలం నుంచి మా దగ్గర డీసీ హైపాట్ సెట్టు (ఎక్కువ డీసీ ఓల్టేజ్ ఇచ్చి చూసే మిషను) ఉండాది, బాగానే పనిచేస్తాంది. అన్ని కేబుళ్లూ దాంతోనే టెస్ట్ చేసినాము. ఇప్పుడు వచ్చే ఇంజనీర్లంతా డీసీ వద్దు అంటాండారు. ఐఎస్ పుస్తకంలో డీసీ టెస్టు ఉండాది కదా, మరి వద్దనడం ఏంటికప్పా?

జవాబు: మీ నాయనగారి కాలంలో ఆ సెట్టు సరైన పనిముట్టే, అందులో అనుమానం లేదు. అప్పుడు భూమిలో వేసేవి పేపర్ లెడ్ కేబుళ్లు, నూనెలో నానబెట్టిన కాగితం చుట్టి పైన సీసం తొడుగు వేసినవి. వాటికి డీసీ టెస్టు ఇప్పటికీ చేయొచ్చు. 1983 నాటి ఐఎస్ 1255లో కూడా కేబుల్ వేశాక చేసే డీసీ టెస్టు ఉంది, మీరు చెప్పింది నిజమే.

ఎక్స్‌ఎల్‌పీఈకి వచ్చేసరికి కథ మారింది. ఏసీలో ఇన్సులేషన్ లోపల ఓల్టేజ్ పంచుకునేది పర్మిటివిటీని బట్టి, డీసీలో పంచుకునేది రెసిస్టివిటీని బట్టి. కేబుల్ రేపు నడవబోయేది ఏసీలో, మీరు ఈరోజు చూసేది డీసీలో, అంటే ఒత్తిడి పడే చోటే వేరైపోయింది. ఇందాక చెప్పిన జాయింట్లో గాలి సందు డీసీ టెస్టులో హాయిగా పాసైపోతుంది, అందుకే డీసీ పాసైన కేబుళ్లు ఛార్జ్ చేశాక పోవడం మన వాళ్లంతా చూసిందే.

రెండోది ఇంకా ముఖ్యం. ఎక్స్‌ఎల్‌పీఈలో ఎక్కువ డీసీ ఓల్టేజ్ ఇస్తే ఛార్జ్ లోపలే ఇరుక్కుపోతుంది, స్పేస్ ఛార్జ్ అంటారు దాన్ని, టెస్టు ఆపి ఎర్త్ చేసినా తొందరగా వదలదు. ఆ తర్వాత ఏసీ ఇచ్చేసరికి ఆ ఇరుక్కున్న ఛార్జ్ దగ్గర ఒత్తిడి అమాంతం పెరుగుతుంది. ఏళ్ల తరబడి తడి నేలలో ఉండి లోపల వాటర్ ట్రీలు (తడి వల్ల ఇన్సులేషన్‌లో చెట్టు కొమ్మల్లా పాకే సన్న లోపాలు) పెరిగిన పాత కేబుల్ అయితే డీసీ టెస్టు పాసై కూడా కొద్ది రోజులకే పోతుంది. 1990లలో అమెరికాలో యుటిలిటీలు చేయించిన పరిశోధనల్లో ఇది బాగా బయటపడింది, అప్పటి నుంచే ప్రపంచమంతా వీఎల్‌ఎఫ్ వైపు తిరిగింది. ఐఈసీ 60502లో డీసీ ఆప్షన్ ఉన్నా దాని పక్కనే ఇన్సులేషన్‌కి ప్రమాదం అన్న హెచ్చరిక కూడా పెట్టారు.

ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చిన కొత్త కేబుల్‌కి ఒక్కసారి డీసీ ఇచ్చినంత మాత్రాన వెంటనే పాడవుతుందని నేను అనను. కానీ అది చెప్పేది చాలా తక్కువ, పాత కేబుల్‌కి చేసే హాని ఎక్కువ, అందుకని ఎక్స్‌ఎల్‌పీఈ మీద డీసీ హైపాట్ ఆపేయండి అనే చెప్తాను. మీ సెట్టు మాత్రం అమ్మేయకండి. బయటి షీత్ టెస్టుకి డీసీయే కావాలి, దాని గురించి కింద వేరే ఉత్తరానికి జవాబు రాశాను.

ప్రశ్న: సర్, నేను అనంతపురంలో ఈఈఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. టెస్ట్ ఏసీతోనే చేయాలి అంటే మామూలు 50 హెర్ట్జ్‌తోనే చేయొచ్చు కదా, మళ్లీ 0.1 హెర్ట్జ్ ఎందుకు? లెక్కతో చెప్పగలరా?

జవాబు: మంచి ప్రశ్న అడిగావమ్మా, లెక్కతోనే చెప్తాను.

కేబుల్ అంటే పొడవాటి కెపాసిటర్. 33 కేవీ, 300 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ కెపాసిటెన్స్ కిలోమీటర్‌కి సుమారు 0.2 మైక్రో ఫారడ్ అనుకో. 50 హెర్ట్జ్‌తో 38 కేవీ ఇవ్వాలంటే ఛార్జింగ్ కరెంట్ రెండు పై ఎఫ్ సీ వీ, అంటే 314 ఇంటూ 0.2 మైక్రో ఇంటూ 38,000, దాదాపు 2.4 ఆంపియర్లు. 38 కేవీ దగ్గర 2.4 ఆంపియర్లంటే 90 కేవీఏ, అదీ ఒక కిలోమీటర్‌కే. ఊళ్లో పెట్టే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కి దగ్గర్లో ఉంది, దాన్ని లారీలో వేసుకుని పొలాల్లోకి పోవాలి, దానికి తగిన జనరేటర్ కూడా పోవాలి.

అదే 0.1 హెర్ట్జ్ అయితే ఫ్రీక్వెన్సీ 500 రెట్లు తగ్గింది, కరెంటూ అదే ఓల్టేజ్‌కి 500 రెట్లు తగ్గుతుంది. 57 కేవీ ఇచ్చినా 7 మిల్లీ ఆంపియర్ల చిల్లర చాలు, అర కేవీఏ కూడా కాదు. ఒక చిన్న బండి వెనకాల పెట్టుకుని, చిన్న జనరేటర్‌తో పని అయిపోతుంది. వీఎల్‌ఎఫ్ అంత వ్యాపించడానికి కారణం ఇదే, అది 50 హెర్ట్జ్ కంటే గొప్పదని కాదు. నిజానికి కేబుల్ నడిచే ఫ్రీక్వెన్సీకి దగ్గరగా టెస్టు చేస్తే ఇంకా మంచిది. 66 కేవీ, 132 కేవీ కేబుళ్లకి అట్లాగే చేస్తారు, రెసొనెంట్ సెట్టు అని ఉంటుంది, ఒక పెద్ద ఇండక్టర్ కేబుల్ కెపాసిటెన్స్‌తో కలిసి 20 నుంచి 300 హెర్ట్జ్ మధ్యలో ఎక్కడో రెసొనెన్స్‌కి వస్తుంది, అప్పుడు సప్లై నుంచి తీసుకునేది కేవలం లాసెస్ పవరే. ఒకటి బై రెండు పై రూట్ ఎల్‌సీ ఫార్ములా నువ్వు చదివే ఉంటావు, అది పరీక్షలో మార్కులకే కాదు, ట్రైలర్ మీద నిలబడి పనిచేసేది కూడా.

వీలైతే టాన్ డెల్టా (ఇన్సులేషన్‌లో వృథా అయ్యే పవర్ కొలత), పార్షియల్ డిశ్చార్జ్ (గాలి సందుల్లో జరిగే ఆ చిన్న డిశ్చార్జ్‌లు) గురించి కూడా చదువు. ఓల్టేజ్ టెస్టు పాస్, ఫెయిల్ అని రెండే మాటలు చెప్తుంది. టాన్ డెల్టా ఇన్సులేషన్ మొత్తం ఆరోగ్యం చెప్తుంది, ఫేజ్-ఎర్త్ ఓల్టేజ్‌కి సగం దగ్గర, సమానం దగ్గర, ఒకటిన్నర రెట్ల దగ్గర కొలుస్తారు, ఓల్టేజ్ పెరిగే కొద్దీ విలువ ఎగబాకుతుంటే లోపల తడి లేదా వాటర్ ట్రీలు ఉన్నాయని అనుమానించాలి. పార్షియల్ డిశ్చార్జ్ టెస్టు ఏ జాయింట్లో చిటపటలు ఉన్నాయో మీటర్లలో దూరంతో సహా చూపిస్తుంది. కొత్త కేబుల్ మీద ఇవి రెండూ చేసి పెట్టుకుంటే పదేళ్ల తర్వాత పోల్చుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది, ఆ మొదటి రోజు రీడింగ్ లేకపోతే తర్వాత ఎంత ఖర్చు పెట్టినా దొరకదు.

ప్రశ్న: అయ్యా, మాది ప్రొద్దుటూరు. మా ఆయన ఒక కేబుల్ టెస్టింగ్ గ్యాంగులో హెల్పర్‌గా పోతాడు. టెస్ట్ ఆపేసినాక కూడా కేబుల్ పట్టుకుంటే షాక్ కొడతాదని, మనిషి చచ్చిపోతాడని పక్కింటాయన చెప్పినాడు. కరెంటే లేకపోతే షాక్ ఎట్లా కొడతాది? నాకు భయంగా ఉండాది, నిజం చెప్పండి.

జవాబు: నిజం అమ్మా, పక్కింటాయన చెప్పింది అక్షరాలా నిజం. ఈ జవాబు మీ ఆయనకి చదివి వినిపించండి, గ్యాంగులో మిగతా పిల్లలకి కూడా వినిపించమని చెప్పండి.

కేబుల్ కరెంటుని దాచిపెట్టుకుంటుంది. కిలోమీటర్ పొడవు 33 కేవీ కేబుల్‌కి 60 కేవీ డీసీ ఇచ్చి మిషను ఆపేస్తే, ఎర్త్ చేసేదాకా అందులో 360 జౌల్స్ ఉండిపోతాయి. ఆస్పత్రిలో గుండె లయ తప్పినవాళ్ల ఛాతీ మీద పెట్టి ఇచ్చే డీఫిబ్రిలేటర్ షాకు ఎంత ఎక్కువైనా 360 జౌల్స్ దాకానే. అది డాక్టర్లు చూసి ఇచ్చేది, ఇది చేతిలోంచి కాళ్లలోకి పోయేది. వీఎల్‌ఎఫ్ అయినా మెగ్గర్ అయినా ఇదే సంగతి, మెగ్గర్ 5 కేవీయే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇంకో ప్రమాదం ఉంది, అది చాలామందికి తెలీదు. ఒకసారి ఎర్త్ రాడ్ తగిలించి టప్ మని శబ్దం వచ్చాక తీసేస్తే కేబుల్ ఖాళీ అయిపోయింది అనుకుంటారు. కాలేదు. ఇన్సులేషన్ పొరల్లో ఇంకిన ఛార్జ్ నెమ్మదిగా మళ్లీ కండక్టర్ మీదకి వస్తుంది, కాసేపటికి ఓల్టేజ్ మళ్లీ లేస్తుంది, అప్పుడు ముట్టుకున్నవాడికి కొడుతుంది. అందుకే ముందు రెసిస్టర్ ఉన్న డిశ్చార్జ్ రాడ్‌తో ఛార్జ్ దించాలి, తర్వాత నేరుగా ఎర్త్ కేబుల్ బిగించాలి, టెస్టు ఎంతసేపు చేశారో దానికి కనీసం నాలుగింతలు సేపు ఆ ఎర్త్‌ని బిగించే ఉంచేయాలి. 15 నిమిషాల టెస్టు అయితే గంట. ఆకలేస్తోంది, పొద్దుపోయింది అని తొందరపడితే కుదరదు. టెస్టు చేయని మిగతా రెండు ఫేజులు కూడా మొదటి నుంచీ ఎర్త్‌లోనే ఉండాలి, లేకపోతే వాటిలోకి కూడా ఛార్జ్ ఎక్కుతుంది.

మీ ఆయన హెల్పర్ అన్నారు. హెల్పర్‌ని మామూలుగా రెండో చివర కాపలా పెడతారు. అక్కడే మనుషులు పోతారమ్మా, మిషను దగ్గర కాదు. మిషను ఉన్న చోట తాడు కట్టి, బోర్డు పెట్టి, అందరూ కళ్లు పెట్టుకుని ఉంటారు, కిలోమీటర్ అవతల చివర మాత్రం ఒక్కడే చెట్టు కింద కూర్చుని ఉంటాడు, గొర్రెలు తోలుకునే పిల్లాడు వచ్చి మెరుస్తున్న రాగి లగ్గుని చూసి ముట్టుకోవడానికి వస్తాడు. ఆ చివర్లో మూడు కోర్లు ఒకదానికొకటి, గోడకీ ప్యానెల్‌కీ తగలకుండా దూరంగా విడదీసి ఉండాలి, చుట్టూ తాడు ఉండాలి, కాపలా మనిషి చేతిలో పనిచేసే ఫోనో వాకీటాకీయో ఉండాలి, సిగ్నల్ లేని చోట అయితే మధ్యలో ఇంకో మనిషిని నిలబెట్టాలి. అవతల నుంచి ‘సిద్ధం’ అన్న మాట వినపడకుండా ఇవతల బటన్ నొక్కకూడదు, అయిపోయింది, ఎర్త్ చేశాం అని మిషను దగ్గర నుంచి చెప్పేదాకా అవతల మనిషి తాడు లోపల అడుగు పెట్టకూడదు. ఇవి లేకుండా పని చేయమంటే చేయనని చెప్పే హక్కు మీ ఆయనకి ఉంది, ఆ రోజు కూలి పోయినా సరే.

ప్రశ్న: కడప దగ్గర మాకు బండల పాలిషింగ్ యూనిట్ ఉంది. కొత్తగా 11 కేవీ కనెక్షన్ తీసుకున్నాం, గేటు దగ్గర మీటరింగ్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా 150 మీటర్ల కేబుల్. టెస్టుకి ఎంతసేపు పడుతుంది? రిపోర్ట్‌లో ఏం చూడాలి? నాకు కరెంటు గురించి పెద్దగా తెలీదు.

జవాబు: ఒక పూట చాలు. ముందు మెగ్గర్, తర్వాత ఫేజుకి 15 నిమిషాల చొప్పున వీఎల్‌ఎఫ్, మళ్లీ మెగ్గర్, మధ్యలో డిశ్చార్జ్ టైము. పనిలో సగం కనెక్షన్లు విప్పడం, బిగించడమే.

ఆ విప్పడం దగ్గర మీరు నిలబడి చూడండి, తెలియకపోయినా ఫరవాలేదు. కేబుల్ రెండు చివర్లూ పూర్తిగా విడిగా ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్, పీటీ (ఓల్టేజ్ కొలవడానికి పెట్టే చిన్న ట్రాన్స్‌ఫార్మర్), లైట్నింగ్ అరెస్టర్ (పిడుగు ఓల్టేజ్‌ని భూమిలోకి దించేది) ఏదీ తగిలి ఉండకూడదు. అరెస్టర్ తగిలే ఉంటే టెస్ట్ ఓల్టేజ్‌కి అదే కరెంటు లాగేసి వేడెక్కి పాడవుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ తగిలే ఉంటే అసలు రీడింగే రాదు.

రిపోర్ట్‌లో కేబుల్ సైజు, తయారీ కంపెనీ, డ్రమ్ము నంబర్, పొడవు, జాయింట్లు ఎక్కడున్నాయి, ఏ ఓల్టేజ్ ఎన్ని నిమిషాలు, ముందూ తర్వాతా మెగ్గర్ విలువలు, ఆ రోజు టెంపరేచర్, మిషను నంబర్, దాని కాలిబ్రేషన్ తేదీ ఉండాలి. ఒట్టి ‘ఓకే’ అని రాసిన కాగితం తీసుకోకండి. మూడు ఫేజులకీ ఒకే అంకె, ముందూ తర్వాతా కూడా అదే అంకె రాసి ఉంటే అది సైట్‌లో కొలిచింది కాదు, ఆఫీసులో కూర్చుని నింపింది. ఫేజు గుర్తులు కూడా రెండు చివర్లా ఆర్, వై, బీ సరిపోయాయో లేదో రాయించండి, తారుమారైతే మీ పాలిషింగ్ మోటర్లు వెనక్కి తిరుగుతాయి. ఆ తర్వాత ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ అప్రూవల్ వచ్చాకే ఛార్జ్ చేయాలి, ఆ ఫైల్లో ఈ రిపోర్ట్ కూడా పెట్టుకోండి.

ప్రశ్న: ఆదోని నుంచి రాస్తున్నాను. మాది నల్లరేగడి నేల, ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలు ఇస్తుంది. ఈ నేలలో కేబుల్ షీత్ టెస్ట్ తప్పకుండా చేయాలని ఒకరు, మామూలు 11 కేవీకి అక్కర్లేదని ఒకరు అంటున్నారు.

జవాబు: చేయాలి. నా మటుకు నేను మన సీమలో ఈ టెస్టు మానేయడమే అన్నిటికంటే పెద్ద తప్పు అంటాను.

షీత్ అంటే కేబుల్ బయటి నల్ల తొడుగు. దానికి రంధ్రం పడితే ఆ రోజు ఏమీ కాదు, మెగ్గర్ పాస్, వీఎల్‌ఎఫ్ పాస్. వానాకాలం వచ్చాక నీళ్లు లోపలికి దిగుతాయి, ఆర్మర్ (షీత్ కింద ఉండే ఇనుప కవచం) తుప్పు పడుతుంది, ఆ తడి లోపలి రాగి టేపుని కూడా తినేస్తుంది, తడి ఇన్సులేషన్ దాకా చేరి ఏళ్ల మీద వాటర్ ట్రీలు పెంచుతుంది. నల్లరేగడి తడిసి ఉబ్బుతుంది, ఎండి బిగుసుకుంటుంది, కేబుల్ చుట్టూ ఇసుక పరుపు లేకుండా నేరుగా ఆ మట్టే వేసి పూడిస్తే కేబుల్‌ని గుంజుతూనే ఉంటుంది. అనంతపురం వైపు అయితే మొరుసు, గరుకు రాళ్లు, జేసీబీ తవ్విన రాళ్లే మళ్లీ తోసేస్తే షీత్ కోసుకుపోతుంది. 11 కేవీకి 90 సెంటీమీటర్లు, 33 కేవీకి 105 సెంటీమీటర్ల లోతు, కింద ఇసుక, పైన ఇసుక, దాని మీద ఇటుకో బండో పరవడం, ఇవన్నీ ఐఎస్ 1255లో ఊరికే రాయలేదు. మనకి నాపరాయి బండలకి కొదవే లేదు, అయినా పరవరు.

టెస్టు చేసేది ఎట్లాగంటే ఆర్మర్‌ని రెండు చివర్లా ఎర్త్ నుంచి విడదీసి, ఆర్మర్‌కీ భూమికీ మధ్య డీసీ ఇస్తారు. ఐఈసీ 60229 చెప్పేది షీత్ మందం మిల్లీమీటర్‌కి 4 కేవీ, ఎంతైనా 10 కేవీ దాటకూడదు, ఒక నిమిషం. మెత్తటి పీవీసీ షీత్ ఉన్న మామూలు 11 కేవీ కేబుల్‌కి అంత కొట్టక్కర్లేదు, కంపెనీ వాళ్లు చెప్పిన ఓల్టేజ్‌కే పోండి, కనీసం మెగ్గర్‌తో అయినా ఆర్మర్-ఎర్త్ చూసి రాసిపెట్టండి.

ఒక చిక్కు ఉంది. ఈ టెస్టుకి షీత్ బయట తడి నేల తగిలి ఉండాలి, అప్పుడే రంధ్రం దగ్గర కరెంటు భూమిలోకి పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన నేల దుమ్ములా ఎండిపోయి ఉంటుంది, ఇసుక పరుపు అయితే ఇంకా పొడి. అప్పుడు రంధ్రం ఉన్నా టెస్టు పాసైపోతుంది. షీత్ మీద గ్రాఫైట్ పూతో, కండక్టివ్ పొరో ఉన్న కేబుల్ అయితే ఈ బాధ లేదు, లేకపోతే ట్రెంచ్ పూడ్చాక నీళ్లు పెట్టి నానబెట్టి రెండు రోజులాగి చేయండి, లేదా మొదటి గట్టి వాన పడ్డాక మళ్లీ ఒకసారి చేయండి.

ఇంకొకటి గుర్తుపెట్టుకోండి, ఈ టెస్టులేవీ వేడి గురించి చెప్పవు. ఎక్స్‌ఎల్‌పీఈ కండక్టర్ 90 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, కానీ ఎండిపోయిన నేల వేడిని బయటికి పోనివ్వదు, నెర్రెల్లో గాలి అస్సలు పోనివ్వదు. కేబుల్ సైజు లెక్క వేసేటప్పుడే మీ నేల సంగతి చెప్పాలి.

ప్రశ్న: మా సైట్ అనంతపురం జిల్లాలో. 33 కేవీ కేబుల్ వీఎల్‌ఎఫ్ టెస్ట్ పదకొండో నిమిషంలో పోయింది. బాగున్న కేబుల్‌ని టెస్టే పాడు చేసింది, ఖర్చు మీరే పెట్టుకోవాలి అని జాయింటింగ్ వాళ్లు అంటున్నారు. ఇది నిజమా? రిపేర్ చేశాక మళ్లీ 15 నిమిషాలు చేయాలా, మిగిలిన 4 నిమిషాలు చాలా?

జవాబు: కొత్త ఎక్స్‌ఎల్‌పీఈ కేబుల్, సరిగ్గా చేసిన జాయింట్ మూడు రెట్ల ఓల్టేజ్‌ని 15 నిమిషాలు కాదు, చాలాసేపు తట్టుకుంటుంది. పోయిందంటే అక్కడ లోపం ముందే ఉంది. ఆ లోపం ఛార్జ్ అయ్యాక బయటపడి ఉంటే 33 కేవీ బ్రేకర్ వెనకాల ఉన్న వేల ఆంపియర్ల ఫాల్ట్ కరెంట్ దాంట్లోంచి పోయేది, జాయింట్‌తో పాటు పక్కన కేబుళ్లు కూడా కాలిపోయేవి. టెస్టు సెట్టు ఇచ్చేది మిల్లీ ఆంపియర్లే కాబట్టి ఇప్పుడు పోయింది ఆ ఒక్క చోటే.

ఎవరి ఖర్చు అన్నది తేలాలంటే పోయిన చోటుని జాగ్రత్తగా కోయండి. టీడీఆర్‌తో (కేబుల్లోకి పల్స్ పంపి ఫాల్ట్ ఎంత దూరమో చెప్పే మిషను) దూరం చూసుకుని, సర్జ్ జనరేటర్ పెట్టి భూమి మీద చప్పుడు విని చోటు ఖాయం చేసుకుని, ఆ జాయింట్‌ని అటూ ఇటూ అర మీటర్ కేబుల్‌తో సహా కోసి తీయండి, అక్కడే పగలగొట్టకండి. అందరి ముందూ పొర పొరగా విప్పండి, ప్రతి పొరకీ ఫొటో తీయండి. సెమికాన్ అంచు దగ్గర నల్లటి చెట్టు కొమ్మల్లాంటి గీతలు ఉంటే కోత తప్పు. ఫెర్రుల్ (రెండు కండక్టర్లని కలిపే గొట్టం) మీద పదును గుచ్చుకుని ఉంటే ఫైలింగ్ చేయలేదు. స్లీవ్ ముడతలు పడి లోపల గాలి ఉంటే టార్చ్ సమంగా తిప్పలేదు. జాయింట్లో కాకుండా కేబుల్ మధ్యలో, బయట దెబ్బ ఏమీ లేని చోట పోతే అప్పుడు కేబుల్ కంపెనీని పిలవండి, వంపులో పోతే వంచినవాళ్లని అడగండి, త్రీ కోర్ కేబుల్‌ని దాని వ్యాసానికి 15 రెట్లకంటే తక్కువ రేడియస్‌లో వంచకూడదు.

రిపేర్ తర్వాత టెస్టు మొదటి నుంచి, పూర్తి 15 నిమిషాలు. కొత్తగా పడిన జాయింట్ ఇంకా ఒక్క సెకను కూడా ఒత్తిడి చూడలేదు కదా, దానికి 4 నిమిషాలు ఎట్లా చాలుతాయి. మిగతా రెండు ఫేజులు కూడా ఆ చోట కోసి కలిపి ఉంటే వాటికి కూడా మళ్లీ చేయాలి.

అయితే ఇదంతా కొత్త కేబుల్‌కి. ఇదే ప్రశ్న పాత కేబుల్‌కి కొత్త ముక్క కలిపినప్పుడు ఏం చేయాలి అని కర్నూలు నుంచి ఇంకొకరు అడిగారు, వారికీ ఇక్కడే చెప్పేస్తున్నా. ఏళ్లు నడిచిన కేబుల్‌కి మూడు రెట్లు ఇవ్వకండి, ఓల్టేజ్ తగ్గించో, టైం తగ్గించో చేయొచ్చని ఐఈసీయే చెప్తుంది. వయసు, ఇంతకు ముందు ఎన్నిసార్లు ఫాల్ట్ అయింది, ఎట్లాంటి నేల అన్నది చూసి, కేబుల్ యజమాని, టెస్టు చేసేవాళ్లు ముందే కూర్చుని అంకె ఖాయం చేసుకుని, కాగితం మీద రాసి సంతకాలు పెట్టుకున్నాకే మిషను దింపాలి. కొత్త ముక్కని మాత్రం పాతదానికి కలపక ముందే విడిగా పూర్తి ఓల్టేజ్‌తో టెస్ట్ చేసుకోండి.